ముద్దు సరే... ముద్ద సంగతి?

కుక్కకేం పెట్టాలో, పిల్లికేం పెట్టాలో మనకు అమ్మమ్మల కాలం నుంచీ ఎంతో కొంత తెలుసు. ఇప్పుడు ఇళ్లలోకి కొత్త చుట్టాలొస్తున్నాయి. కుందేళ్లు, గినీ పిగ్‌లు, లవ్‌బర్డ్స్! బాబు పుట్టినరోజనో, పాప ఫస్టొచ్చిందనో నాన్నగారు పంజరంతో సహా తెచ్చేస్తారు. పది రోజులు పిల్లల సంబరం. పదకొండో రోజు నుంచి దాని తిండీ, శుభ్రం ఎవరి పని? వేరే చెప్పాలా, మనదే!

చేయడానికి నాకేం అభ్యంతరం లేదు. నా బాధల్లా ఒకటే. షుగరున్న మామగారికి ఒకటి, పళ్లు రాని పాపాయికి ఒకటి అంటూ ఒక్క వంటింట్లో నాలుగు రకాలు వండే మనం, ఈ నోరులేని జీవి దగ్గరికొచ్చేసరికి 'మనం తినేదే నాలుగు మెతుకులు పడేస్తే సరి' అనుకుంటాం. ఆ మెతుకులే దాని ప్రాణం మీదికి తేవచ్చని అమ్మినవాడు చెప్పడు.

కుందేలంటే క్యారెట్ అని బొమ్మల పుస్తకాలు మనకు నేర్పాయి. నిజానికి తీపి ఎక్కువగా ఉండే క్యారెట్ దానికి మిఠాయి లాంటిది. ఎప్పుడైనా చిన్న ముక్క చాలు. దాని అసలు భోజనం గడ్డి. ఎండుగడ్డి రాత్రీ పగలూ దాని ఎదుట ఉండాలి. ఎందుకంటారా? కుందేలు పళ్లు బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి. లేకపోతే నాలుకకూ, బుగ్గలకూ గుచ్చుకుని తిండే మానేస్తుంది. పైగా దాని పేగులు ఆగకుండా కదులుతుండాలి. అందుకు పీచే ఆధారం. అన్నం, బ్రెడ్డు, బిస్కెట్లతో కడుపు నింపితే ఆ కదలిక మందగిస్తుంది. ఒక పూటంతా తినకుండా, పెంటికలు వేయకుండా మూల నక్కి కూర్చుంటే 'రేపటికి సర్దుకుంటుందిలే' అనుకోకండి. వెంటనే పశువుల డాక్టరుకి చూపించాలి.

గడ్డి ఎక్కణ్ణుంచి తేవాలని దిగులొద్దు. వినాయకచవితికి వెతికి తెచ్చుకునే గరిక ఉంది కదా, పురుగుమందులు కొట్టని చోట కోసి, కడిగి పెడితే దానికి పరమాన్నమే. కొత్తిమీర, పుదీనా కూడా ఇష్టంగా తింటుంది. అన్నట్టు, కుందేలు తన మెత్తటి పెంటికల్ని తానే తింటుంది. ఛీ అని కసరకండి. మొదటిసారి వంటబట్టని పోషకాలు దానికి అలాగే అందుతాయి.

మా ఎదురింటి గినీ పిగ్ ఉన్నట్టుండి నడవడం మానేసింది. కాలు బెణికిందేమోనని పసుపు పట్టు వేశారు. తీరా డాక్టరు చూసి సి విటమిన్ లోపమన్నాడు. మనలాగే దానికీ ఆ విటమిన్ ఒంట్లో తయారవదు, రోజూ తిండిలోనే అందాలి. ఉత్తి ధాన్యం మీద బతికే గినీ పిగ్‌లకు స్కర్వీ వస్తుందని నార్వే శాస్త్రవేత్తలు హోల్‌స్ట్, ఫ్రోలిక్ 1907లోనే చెప్పారు. నూరేళ్లు దాటినా ఆ మాట మన వీధిదాకా రాలేదు! గడ్డితో పాటు రోజూ ఒక పచ్చి క్యాప్సికమ్ ముక్క పెడితే చాలా మేలు.

లవ్‌బర్డ్స్ అని మనం పిలుచుకునే బడ్జీలకూ కొర్రలు, సజ్జలు మాత్రమే పోస్తే ఎ విటమిన్, క్యాల్షియం చాలవు. ఆకుకూరలు, క్యారెట్ తురుము కూడా పెట్టాలి. చాక్లెట్, అవకాడో వాటికి విషం. రామచిలుక మాటంటారా, దాన్ని పంజరంలో పెట్టడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

'ఒక కుందేలుకి ఇంత చదువు కావాలా తల్లీ?' అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. కావాలనే అంటాను. కుక్కయితే ఆకలేస్తే గోల చేస్తుంది. కుందేలు నొప్పిని దాచుకుంటుంది. మనకు తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. తెల్లారి చల్లబడిన ప్రాణిని చూసి పిల్లలు 'ఏమైందమ్మా?' అని ఏడిస్తే 'దాని ఆయుష్షు అంతే' అని సరిపెట్టేస్తాం.

అందుకే నేననేది, పెట్టే చేయి మనదైనప్పుడు తెచ్చే ముందు మాటా మనదే కావాలి. రంగు బాగుందా, ధర ఎంత అన్నవి తర్వాత. ఇది ఏం తింటుంది, ఏం తినకూడదు, జబ్బుచేస్తే చూసే డాక్టరు మన ఊళ్లో ఉన్నాడా - ఈ మూడూ ముందు అడగండి. జవాబు దొరక్కపోతే బాబుకి సైకిలే కొనమనండి. ఆయనకు కోపమొస్తే రానివ్వండి!