ఓర్చుకోమనడం వైద్యం కాదు

కీమో ఎక్కించిన సాయంత్రమే పేషెంటును ఊరి బస్సెక్కిస్తారు. చేతిలో ఒక ఫైలు, ఒక మందుల చీటీ. దానితోపాటు ఒక సలహా: "వాంతులు, నీరసం మామూలేనమ్మా, ఓర్చుకోవాలి." ఈ మాట అనే హక్కు ఏ డాక్టరుకూ లేదు. ఆమె మొక్కు తీర్చుకోవడానికి రాలేదు, వైద్యానికి వచ్చింది. వాంతులు ఆపడం, నోటిపూత రాకుండా చూడడం, జ్వరాన్ని వచ్చిన రాత్రే పట్టుకోవడం ఆ వైద్యంలో భాగం. కణితిని మాత్రమే చూసి మనిషిని గాలికొదిలేసేది సగం వైద్యం.

హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్లే బస్సులో అలాంటి ఒక తల్లిని చూశాను. రొమ్ము క్యాన్సర్. గుక్కెడు నీళ్లు తాగినా నిలవడం లేదు. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, వీపు రాస్తూ పక్కన కూతురు. కడుపులో ఏమీ మిగలక చివరికి పసరు కక్కింది. "ఇంకోసారి నన్ను అక్కడికి తీసుకెళ్లకే" అని కూతురి చెయ్యి పట్టుకుంది. చికిత్స మధ్యలో ఆగిపోయేది ఇలాగే. ఆ తర్వాత ఆసుపత్రి రికార్డులో 'పేషెంటు రాలేదు' అని రాసుకుంటారు. రాకుండా చేసింది ఎవరో రాసుకోరు.

ఈ వాంతులకు మందు లేదా అంటే, ఉంది. ఒలాంజపైన్. మానసిక వ్యాధులకు వాడే పాత మాత్ర, ఖరీదు కొద్ది రూపాయలే. మిగతా వాంతుల మందులతో కలిపి దీన్ని ఇస్తే కీమో వాంతులు బాగా తగ్గుతాయని 2016లోనే తేలింది. పది మిల్లీగ్రాముల మోతాదుకు పగలంతా మత్తుగా ఉంటుందని కొందరు డాక్టర్లు జంకారు. ఆ జంకునూ మనవాళ్లే తీర్చారు. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి రెండున్నర మిల్లీగ్రాములతో పరీక్షించి, వాంతులను అది పది మిల్లీగ్రాములకు తీసిపోకుండా ఆపుతుందని, మత్తు చాలా తక్కువని 2024లో లోకానికి చూపింది. ఇంత జరిగాక కూడా ఓర్చుకోమని చెప్పడం నిర్లక్ష్యం. దానికి ఇంకో పేరు పెట్టను.

నోటిపూత సంగతీ అంతే. ఫైవ్ ఎఫ్‌యూ అనే కీమో మందును కొద్ది నిమిషాల్లో సూదితో ఎక్కించేటప్పుడు అరగంట సేపు నోట్లో ఐసు ముక్కలు ఉంచుకుంటే నోటిపూత తగ్గుతుంది. ఐసుకు టెండర్లు పిలవాలా?

వాంతులు చికిత్సను ఆపేస్తే, జ్వరం మనిషినే తీసుకుపోతుంది. కీమో ఇచ్చాక సుమారు వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. వాటిలో సూక్ష్మజీవులతో పోరాడే న్యూట్రోఫిల్స్ 500 కన్నా తగ్గితే ఒంట్లో కాపలా లేనట్టే. అప్పుడు చీము పట్టదు, వాపు కనబడదు. చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. గంటలోపు రక్తనాళంలోకి యాంటీబయాటిక్ పడాలి. మన పల్లెల్లో ఏం జరుగుతుంది? రాత్రి ఒళ్లు కాలిపోతుంటే ఆర్‌ఎంపీని పిలుస్తారు. ఆయన ఒక సూది వేసి, పారాసిటమాల్ ఇస్తాడు. తెల్లారేసరికి ఒళ్లు చల్లబడుతుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. లోపల రక్తంలో ఇన్‌ఫెక్షన్ మాత్రం పాకిపోతూనే ఉంటుంది. ఆర్‌ఎంపీని తిట్టి లాభం లేదు, అర్ధరాత్రి పిలిస్తే వచ్చింది ఆయనొక్కడే. ఈ జ్వరం వేరని ఆ కుటుంబానికి ముందే చెప్పాల్సింది కీమో ఇచ్చిన ఆసుపత్రి. ఆరోగ్యశ్రీ పుణ్యమా అని పేదవాడికీ కీమో అందింది, సంతోషం. కీమో తర్వాతి రాత్రుల సంగతి ఎవరు చూడాలి?

"బాధలు వింటూ కూర్చుంటే క్యాన్సర్ తగ్గుతుందా" అని అడిగే పెద్దలకు న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి జవాబిచ్చింది. ముదిరిన క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న 766 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గంవాళ్లు తమ బాధలను కంప్యూటరులో ఎప్పటికప్పుడు నమోదు చేస్తే, తీవ్రమైనవి వెంటనే నర్సుకు చేరేవి. 2017లో వచ్చిన ఫలితం: ఆ వర్గంలో మధ్యస్థ (మీడియన్) ఆయుష్షు 31 నెలలు, రెండో వర్గంలో 26. కొత్త మందేమీ కలపలేదు. అడిగారు, విన్నారు, స్పందించారు. అయిదు నెలల ఆయుష్షు అదనంగా ఇచ్చే మందే వచ్చి ఉంటే లక్షలు పెట్టి కొనమనేవాళ్లు.

ఆసుపత్రి వినకపోతే వినేవాడు ఇంకొకడు కాచుకుని ఉంటాడు. 'సైడ్ ఎఫెక్టులు లేని క్యాన్సర్ వైద్యం' అని గోడల మీద రాసేవాడు. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 చట్టమే నిషేధించింది. అయినా వాడి దుకాణం నడుస్తోంది. కీమో బాధను ఒంటరిగా భరించి భయపడ్డవాళ్లంతా అక్కడికే పోతున్నారు. వాళ్లను అటు తోసిన పాపంలో మనకూ వాటా ఉంది.

కీమో ఇచ్చే ప్రతి ఆసుపత్రీ రాత్రిపూట కూడా ఎత్తే ఫోన్ నంబరు ఇవ్వాలి. వారానికోసారి నర్సు తానే ఫోన్ చేసి అడగాలి. ప్రమాద సూచనలు తెలుగులో, పెద్దక్షరాల్లో అచ్చేసి ఇవ్వాలి. ప్రభుత్వం వీటిని తప్పనిసరి చేయాలి.

అప్పటిదాకా మీరు ఆగకండి. మీ ఇంట్లో ఎవరైనా కీమో తీసుకుంటుంటే ఇవాళే థర్మామీటరు కొనండి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూడకండి, ఆ రాత్రే ఆసుపత్రికి బయల్దేరండి. క్యాజువాలిటీలో నోరు తెరవగానే "కీమో నడుస్తోంది, జ్వరం వచ్చింది" అని చెప్పండి. రక్తపరీక్ష చేసి, యాంటీబయాటిక్ ఎక్కించేదాకా అక్కడి నుంచి కదలకండి.