బస్సెక్కాలంటే భయమా?

పెళ్ళి పిలుపు రాగానే ముందుగా ఏం గుర్తొస్తుంది మీకు? ఏ చీర కట్టుకోవాలన్నదా? మనలో కొంతమందికి మాత్రం కల్యాణమండపంలో బాత్రూము ఏ మూల ఉందోనన్న బెంగే ముందు పట్టుకుంటుంది. నాలుగు గంటల బస్సు ప్రయాణమంటే ముందురోజు సాయంత్రం నుంచే మంచినీళ్ళు మానేస్తారు. "ఒంట్లో నలతగా ఉంది, మీరు వెళ్ళిరండి" అని ఇంట్లోవాళ్ళని పంపేస్తారు తప్ప, అసలు సంగతి కన్నకూతురికి కూడా చెప్పరు.

ఈవారం ఆ అసలు సంగతే మాట్లాడుకుందాం. మూత్రం ఆపుకోలేని బాధకి నరాలకు సన్నటి కరెంటు ఇచ్చి చేసే వైద్యం ఒకటుంది. కరెంటనగానే ఉలిక్కిపడకండి!

ముందు మీ ఇబ్బంది ఏ రకమో తేల్చుకోవాలి. దగ్గినా, తుమ్మినా, నీళ్ళబిందె ఎత్తినా కాస్త జారిపోతోందా? లేక ఉన్నట్టుండి తన్నుకొచ్చి, బాత్రూము గడియ తీసేలోపే అయిపోతోందా? రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. కానే కావు. మొదటిది కాన్పుల వల్లో, వయసు వల్లో కింది కండరాలు వదులైతే వచ్చేది. రెండోదాంట్లో మూత్రాశయం సగం కూడా నిండకముందే దాని కండరం బిగుసుకుని బయటికి నెట్టేస్తుంది. డాక్టర్లు 'ఓవర్ యాక్టివ్ బ్లాడర్' అనేది దీన్నే. కరెంటు వైద్యం ఈ రెండో రకానికి. తుమ్మితే జారే ఆవిడ దీనికి డబ్బు పోయడం దండగ, ఆవిడకి కావలసింది కండరాల వ్యాయామం. రెండూ కలిసి ఉన్నవాళ్ళూ లేకపోలేదు. అందుకే డాక్టరు పరీక్షించి చెప్పాలి గాని పక్కింటావిడ కాదు.

ఇంతకీ కరెంటు ఇచ్చేది ఎక్కడనుకున్నారు? కాలికి! ఆశ్చర్యంగా ఉంది కదూ? మూత్రాశయాన్ని అదుపుచేసే నరాలు వెన్ను అడుగుభాగం నుంచి బయల్దేరతాయి. 'టిబియల్' అనే కాలి నరానికి కూడా అక్కడ వేళ్ళున్నాయి. అది లోపలివైపు చీలమండ పక్కగా అరికాలికి దిగుతుంది. కింద ఆ నరాన్ని కదిలిస్తే కబురు పైకి వెళ్ళి, మూత్రాశయం దుడుకు తగ్గుతుంది. ఎలా తగ్గుతుందన్నది డాక్టర్లకే ఇంకా పూర్తిగా అంతుపట్టలేదు.

కుర్చీలో కూచోబెట్టి, లోపలి చీలమండకి సుమారు మూడువేళ్ళ పైన చాలా సన్నటి సూది గుచ్చుతారు. పాదానికో చిన్న పట్టీ అంటిస్తారు. కరెంటు పెట్టగానే బొటనవేలు ముడుచుకుంటుంది, లేదా అరికాల్లో జిలజిలమంటుంది. అరగంట అంతే. మత్తు అక్కర్లేదు, పత్రిక చదువుకుంటూ కూచోవచ్చు. వారానికొకసారి చొప్పున 12 వారాలు వెళ్ళాలి. రెండుసార్లు వెళ్ళి "ఏం లాభం లేదు" అని మానేయకండి సుమా, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. గుణమిస్తే ఆ తరవాత దాదాపు నెలకోసారి వెళ్తూ ఉండాలి.

అందరికీ తగ్గుతుందా అంటే, లేదు. అమెరికాలో 220 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. సగంమందికి నిజం వైద్యం, సగంమందికి ఉత్తుత్తి వైద్యం చేశారు. బాగా మెరుగైందన్నవాళ్ళు నిజం వైద్యంలో 54.5 శాతం, ఉత్తుత్తిదాంట్లో 20.9 శాతం. అంటే ఇద్దరిలో ఒకరికి కాస్త పైన. తక్కువేం కాదు, అలాగని మంత్రమూ కాదు.

దీనికీ లొంగకపోతే నడుము కింద నరం పక్కన సన్నని తీగ పెట్టి, పిరుదు పైభాగంలో చర్మం కింద చిన్న యంత్రం అమర్చే పద్ధతి ఉంది. అమెరికాలో 1997లో అనుమతి పొందింది. ముందు కొద్దిరోజులు తాత్కాలికంగా తీగ పెట్టి చూస్తారు, ఇబ్బంది కనీసం సగం తగ్గితేనే యంత్రం పెడతారు. ఎంతైనా అది ఆపరేషన్. బ్యాటరీ ఎన్నేళ్ళొస్తుందో, తరవాత ఎం.ఆర్.ఐ. తీయించుకోవచ్చో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

గుండెకి పేస్‌మేకరున్నవాళ్ళకీ, గర్భిణులకీ, రక్తం త్వరగా గడ్డకట్టని వాళ్ళకీ కాలి సూది వైద్యం పనికిరాదు. షుగరుంటే తప్పకుండా చెప్పాలి. మూత్రంలో రక్తం కనిపించినా, మంట, జ్వరం ఉన్నా, కాళ్ళు మొద్దుబారినా వారాలు చూస్తూ కూర్చోకుండా వెంటనే వెళ్ళండి.

చాలామంది డాక్టర్లు కరెంటుదాకా రాకముందే కొన్ని మెట్లెక్కిస్తారు. కాఫీ, టీ తగ్గించడం, తొందర రాగానే పరిగెత్తకుండా ఐదు నిమిషాలు ఓర్చుకుని ఆ వ్యవధి మెల్లమెల్లగా పెంచుకోవడం, ఆ తరవాత మాత్రలు. కొన్ని మాత్రలకి నోరెండిపోతుంది, మలబద్ధకం చేస్తుంది. నీళ్ళు మానేయడం మాత్రం ఏ మెట్టూ కాదు. మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది.

మగ డాక్టరు దగ్గర నోరు పెగలదంటారా? పాలలెక్క రాసుకునే క్యాలెండరు పక్కనే ఓ కాగితం పెట్టుకోండి. మూడురోజులపాటు ఎన్నింటికి ఎన్ని గ్లాసులు తాగారో, ఎన్నింటికి వెళ్ళారో, ఎప్పుడు ఆగలేదో, రాత్రి ఎన్నిసార్లు లేచారో రాయండి. ఆ కాగితం ఆయన చేతికివ్వండి. ఆయన మిమ్మల్ని అడగబోయే ప్రశ్నల్లో సగానికి జవాబులు అందులోనే ఉంటాయి.