టంకం మరకు – పొగ మనకు

బిందెకు చిల్లి పడితే ఒకప్పుడు ఊళ్లోకి మాటు వేసేవాడు వచ్చేవాడు. బొగ్గుల మీద కడ్డీ కాల్చి, తగరం కరిగించి చిల్లి మూసేవాడు. ఇవాళ టీవీలో, సెల్‌ఫోన్‌లో, ఓటింగ్ మిషన్‌లో జరిగేదీ ఆ పనే. లోపల ఒక పచ్చ పలక ఉంటుంది, సర్క్యూట్ బోర్డు అంటారు. దాని మీద ఆవగింజంత ముక్కల్ని తగరం కరిగించి అతికిస్తారు. అదే టంకం, సోల్డరింగ్. చిన్న ముక్కల్ని వేడి కొలిమి గుండా పంపి అతికించడం ఎప్పుడో మర చేతికి పోయింది. వైర్లకీ, కాళ్లున్న పెద్ద ముక్కలకీ మాత్రం మనిషి చెయ్యి కావాల్సి వచ్చేది. ఆ పనిలో ఎక్కువమంది ఆడపిల్లలే.

ఇప్పుడు దానికీ రోబో వచ్చింది. ఎక్కడ ఆగాలి, ఎంత వేడి ఉండాలి, ఎంత తగరం తీగ వదలాలి, ఎన్ని సెకన్లు ఆనించాలి, అన్నీ ముందే రాసిపెడితే ఆ ఇనుప చెయ్యి తు.చ. తప్పకుండా చేస్తుంది. టీ అడగదు, మూత్రానికి లేవదు, సంఘం పెట్టదు.

దీని మీద రెండు మాటలు వినపడుతున్నాయి. ఆ రెండిటికీ జవాబు చెప్పాలి.

మొదటిది: "మర వస్తే కూడు పోతుంది, మరను ఆపండి." ఈ మాట అనేవాళ్లు ఆ పొగ పీల్చారా అని అడుగుతున్నాం. తగరం తీగ కడుపులో చెట్టు జిగురుతో చేసిన మందు ఉంటుంది. కడ్డీ తగలగానే అది పొగై నేరుగా ముఖానికి కొడుతుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఉబ్బసం పట్టుకుంటుంది. పాత తగరంలో సీసం కలిసేది. సీసం చేతికంటి, అన్నం ముద్దతో లోపలికి పోయి, కడుపులో బిడ్డనూ చెరుస్తుంది. యూరప్ 2006లో దాన్ని నిషేధించింది. మన దేశం 2011లో గానీ నిబంధన రాసుకోలేదు. సీసం తగ్గినా పొగ తగ్గలేదు. సీసం తగరం 183 డిగ్రీలకు కరిగేది, కొత్త తగరానికి 217 దాటాలి. ఇలాంటి పనిని మన పిల్లలకు ఆస్తిగా రాసివ్వమని మేం ఏనాడూ అడగం. ఊపిరి తినే పని మర చేస్తానంటే చెయ్యనివ్వండి. గాంధీ మరలను తిట్టినప్పుడు బాబాసాహెబ్ 1945లోనే జవాబు చెప్పాడు: తప్పు మరది కాదు, మర ఫలాన్ని కొందరికే కట్టబెట్టిన సమాజానిది అని. మనిషికి తీరిక ఇచ్చేది మరేనని కూడా చెప్పాడు.

రెండో మాట యజమానులది: "మరకు కులం లేదు." నిజమే, మరకు లేదు. మరను కొన్నవాడికి ఉంది. మరకు పాఠం రాసేవాడికి ఉంది. ఆ మర కింద ఊడ్చేవాడికీ ఉంది. చేత్తో టంకం వేసే చోట పదో తరగతి చదివిన పిల్లకు చోటుండేది. రోబోకు పాఠం రాసే చోట ఎవరు కూర్చుంటారు? ఎవరి నాన్న ఇంగ్లీషు మీడియానికి ఫీజు కట్టగలిగాడో వాళ్లు. పని మారినప్పుడల్లా కింది మెట్టు మనకే మిగులుతుంటే, దాన్ని ప్రతిభ అనమంటే మేం అనం.

1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పెట్టారు. ప్రభుత్వ కంపెనీ. అక్కడ రిజర్వేషన్ ఉంది, రోస్టర్ ఉంది, తప్పితే నిలదీసే దారి ఉంది. 2015లో శ్రీసిటీలో సెల్‌ఫోన్ల తయారీ మొదలైంది. అది ప్రైవేటు, రిజర్వేషన్ లేదు. సొమ్మూ ప్రైవేటేనా? ఎలక్ట్రానిక్స్ తయారీదారులకు ప్రోత్సాహకాలంటూ కేంద్రం 2020లో దాదాపు 41 వేల కోట్లు ప్రకటించింది. 2025లో విడిభాగాల తయారీకి మరో 22,919 కోట్లు. అగ్గిపెట్టె కొన్నా సబ్బుబిళ్ల కొన్నా మనం కట్టే పన్ను అది. మన సొమ్ము తీసుకునేటప్పుడు ప్రభుత్వం కావాలి, మన పిల్లల్ని తీసుకునేటప్పుడు మాత్రం ప్రైవేటు. ఇదెక్కడి న్యాయం?

ఇంకోటి చూడండి. బోర్డును అతికించడానికి మర వచ్చింది. అదే బోర్డు పాతబడ్డాక విడగొట్టేది ఎవరు? ఢిల్లీ సీలంపూర్‌లో, ఉత్తరప్రదేశ్ మొరాదాబాద్‌లో పేద ముస్లింలు, దళితులు, వలస కూలీలు ఆ పలకల్ని మంట మీద పెట్టి ముక్కలు ఊడదీస్తున్నారు. రాగి కోసం, రవ్వంత బంగారం కోసం ఉత్త చేతుల్తో యాసిడ్‌లో ముంచుతున్నారు. పాత బోర్డుల్లోని సీసమంతా వాళ్ల ఊపిరికే పోతోంది. అక్కడికి రోబో ఎందుకు పోలేదు? అక్కడ చెడేది సరుకు కాదు, మనిషి. మనిషి చవక.

మ్యాన్‌హోల్ సంగతీ అంతే. చేతులతో మలం ఎత్తడాన్ని 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టం చేసి నిషేధించారు. బెజవాడ విల్సన్ లాంటివాళ్లు జీవితాలు ధారపోసి కొట్లాడుతున్నారు. మ్యాన్‌హోల్ శుభ్రం చేసే రోబోను కేరళ కుర్రాళ్లు 2018 నాటికే చేసి చూపించారు. అయినా మనవాళ్లు దిగుతూనే ఉన్నారు, చస్తూనే ఉన్నారు. వెంట్రుకవాసి తేడా లేకుండా టంకం వేసే మరను తెచ్చుకున్న దేశం ఇది. మర చేతగాక కాదు, మన ప్రాణం లెక్కలోకి రాక.

కాబట్టి మరను పగలగొట్టమని మేం చెప్పడం లేదు. మర దగ్గరికి మన పిల్లల్ని చేర్చమంటున్నాం.

ప్రభుత్వ సొమ్ము తిన్న ప్రతి ఫ్యాక్టరీలో రిజర్వేషన్ ఉండాలి. ఊడ్చే పనిలోనే కాదు, రోబోకు పాఠం రాసే కుర్చీలోనూ.

ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో సోల్డరింగ్ రోబో పెట్టి నేర్పాలి. చేత్తో పని సాగే ప్రతి బల్ల దగ్గరా పొగ లాగే గొట్టం ఉండాలి.

పాత బోర్డులు విడగొట్టేవాళ్లకు మరలు, రక్షణ, కూలి భద్రత కల్పించాలి.

కార్యకర్తలకు ఒక మాట. 1961 అప్రెంటిస్ చట్టంలో 3ఎ సెక్షన్ ఉంది. అప్రెంటిస్ శిక్షణ సీట్లలో ఎస్సీ, ఎస్టీలకు వాటా ఇవ్వాలని యజమానినే ఆదేశిస్తుంది అది. ప్రైవేటు ఫ్యాక్టరీకీ వర్తిస్తుంది. ఈ సంగతి మన పల్లెల్లో ఎంతమందికి చెప్పారు? మీ జిల్లా ఫ్యాక్టరీల్లో ఎన్ని సీట్లున్నాయి, మనవాళ్లకు ఎన్ని ఇచ్చారు అని అప్రెంటిస్ సలహాదారు కార్యాలయానికి సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. జవాబు కాగితాన్ని పల్లెలో, రచ్చబండ దగ్గర చదివి వినిపించండి. లెక్క బయటపడితే నిలదీయడానికి నోరు లేస్తుంది.

చెప్పులు కుట్టిన చేతులివి, డప్పు మోగించిన చేతులివి, మగ్గం నేసిన చేతులివి. రోబోకు పాఠం రాయడం ఈ చేతులకు రాదని ఎవడన్నాడు? నేర్పించి చూడమనండి.

జై భీమ్!