లోపలివారి బేరములు

నందవరమున పత్తి యమ్మిన రొక్కముతో లోహకంపెనీల వాటాలను చేతిఫోనున కొను కాలము వచ్చినది. ఆ కర్మాగారమునకు పెద్ద ఆర్డరు వచ్చినదో, కొలిమి యాగినదో ముందుగా నెఱింగెడివారు డైరెక్టరులు. సెబీవారి 2015 నిబంధనలచే, త్రైమాసికమున 10 లక్షల రూపాయలు మించిన వారి క్రయవిక్రయములు బహిరంగము గావలెను. అగుచున్నవి, ఆంగ్లమున! వాటాలు కొనుడను ప్రకటనలు మాత్రము చక్కని తెలుగున వచ్చును.

అమ్మినవాడెల్ల దొంగ యని మేమనము. కూతురి పెండ్లికై యమ్ముకొనువారును గలరు. కాని హైదరాబాదు సత్యం కంప్యూటర్స్, లోహకంపెనీ గాకున్నను, చూడుడు: గుట్టు 2009 జనవరిలో రట్టయినది; లోపలివారి విక్రయములపై సెబీ యుత్తరువు 2014 జూలైలో వెలువడినది. దండన యంత యాలస్యమైనచో వాటాదారునకు దిక్కేది? డైరెక్టరుల బేరముల పట్టికను ఎక్స్ఛేంజీలు తెలుగునను ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము. అనువాదకులు లేరందురా? ఈ జిల్లాలో చదివి యూరక కూర్చున్నవారు కొల్లలు.