ఉలిపికట్టె ఎత్తులు

ఊరందరిదొక దారి, ఉలిపికట్టెదొక దారి యను సామెతను మన పెద్దలు నిందార్థములోనే వాడుచు వచ్చిరి. కాని ఆ ఉలిపికట్టె చదరంగపు పలక ముందు కూర్చుండినప్పుడు ఆ నింద యెంత త్వరగా వినోదముగా మారునో, ఇటీవల బయ్యారములో నొక యింటి అరుగుమీద నేను కన్నులారా చూచితిని. ఇనుపగుట్టల మీదుగా ప్రొద్దు వాలుచుండెను. పట్టణములో నొక గురువు నొద్ద ఆట నేర్చుకొనుచు సెలవులకు వచ్చిన పదేండ్ల బాలుడు నల్లబలమును, వాని తాత తెల్లబలమును పేర్చుకొనిరి. తాత ఏమియు తొందరపడక, రాజువైపు గుర్రమును పట్టుకొని, పలక నడుమకు గాక చిట్టచివరి యంచునకు దూకించి, మీసము దువ్వుకొనెను.

"గట్ల ఎవ్వరాడరు తాతా!"

"ఎవ్వరాడరు గనుకనే నేనాడిన బిడ్డా. ఇగ నీ ఎత్తు వెయ్యి."

బాలుడు ముందు కిసుక్కున నవ్వెను. పిదప ఇందులో నేదో మోసమున్నదేమో యని తాత ముఖమును పరీక్షించెను. ఆ పిమ్మట, ఆ సాయంకాలమున మొదటిసారిగా, పలకను చూచెను. చాలసేపు చూచెను. ఎదుటివాని ఎత్తు కొరకు కాచుకొనుట బయ్యారమునకు క్రొత్త గాదు. ఈ ఊరు అప్పుడున్న ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారపు సాధ్యాసాధ్యములను ఆరు నెలలలో పరిశీలింపవలెనని 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టములో వ్రాసినది మొదలు ఈ ఊరు గడియారమును చూచుచునే యున్నది. కనుక మేమును ఓపికతో కూర్చుంటిమి. నవ్వు, అనుమానము, ఆలోచన యను ఈ మూడు మెట్లలోనే విపరీత ప్రారంభముల మహిమ యంతయు నిమిడి యున్నదని నాకు తోచినది. అందుచేతనే వానిని కేవలము కోతిచేష్టలని త్రోసివేయు పండితులతో నేను ఏకీభవింపలేకున్నాను.

మొదట నవ్వు సంగతి. వికృతమైన వేషము, వికృతమైన అలంకారము మొదలగునవి హాస్యమునకు కారణములని భరతముని నాట్యశాస్త్రమున చెప్పెను. ఔచిత్యమును కావ్యమునకు ప్రాణముగా నెంచిన క్షేమేంద్రుడు, తావు తప్పిన ఆభరణము అందమునకు గాక పరిహాసమునకే హేతువగునని వివరించెను. తెలుగువానికి ఈ సంగతి బోధపడుటకు అంత శాస్త్రము గూడ అక్కరలేదు. నగకును నగుబాటునకును నడుమ దూరమెంతయో మన భాషయే చెప్పుచున్నది. చదరంగమునకు నొక ఔచిత్యశాస్త్రము కలదు: నడుమనున్న నాలుగు గడులపై అధికారమును సంపాదింపవలెను, గుర్రములను శకటులను త్వరగా బయటికి తేవలెను, రాజును కోటలో భద్రపరుపవలెను. ఈ విధులను ఎరుగనివాడు తప్పినచో అది తప్పటడుగు. ఎరిగినవాడు, తాను ఎరుగునని ఎదుటివానికిని తెలిసియుండగా, గంభీరవదనముతో తప్పినచో అది హాస్యము. మాటయొక్కటియు లేకుండ చెప్పబడిన ఛలోక్తి యది. దానికి బదులు చెప్పవలసినవాడును మాటాడుటకు వీలులేక, ఎత్తుతోనే చెప్పవలసియుండును.

ఈ హాస్యమునకు చరిత్రయు కలదు. 1858లో పారిస్ నగరమున అమెరికా వీరుడు పాల్ మార్ఫీతో తలపడిన జర్మను పండితుడు అడాల్ఫ్ ఆండర్సన్ మూడు ఆటలను, మంత్రివైపు ఏనుగు ముందరి బంటును ఒక్క గడి నడిపి ప్రారంభించెను. ఏమియు చేయనట్లు కనిపించు ఆ ఎత్తులో గడుసుదన మున్నది: మొదటి ఎత్తు వేయు భారమును ఎదుటివాని మీదికి నెట్టి, తాను నల్లబలమువాని వలె ఎదురు కాచుకొని కూర్చుండుట దాని యంతరార్థము. ఆ మూడింటిలో నొకటి ఓడి, ఒకటి సమముగా ముగించి, ఒకటి గెలిచెను. 1924 న్యూయార్క్ పోటీల నడుమ విరామదినమున జంతుప్రదర్శనశాలకు పోయిన టార్టకోవర్ అచట సూసన్ అను ఒరాంగుటాన్ కోతితో చెలిమి చేసి, పిమ్మట మరోజీతో ఆడుచు మంత్రివైపు గుర్రము ముందరి బంటును రెండు గడులు నడిపెను. ఆ ప్రారంభమునకు నేటికిని ఒరాంగుటాన్ అనియే పేరు; కోతిచేష్ట యను మాటను బిరుదుగా మార్చుకొన్న ఎత్తు లోకములో నిదియొక్కటియే కాబోలు.

అయినను నవ్వించుట వేరు, గెలుచుట వేరు అని ఆక్షేపించువారు కలరు. వారి కొరకే 1980లో స్వీడను దేశపు స్కారా పట్టణమున, ఐరోపా జట్ల పోటీలో, ఒక విచిత్రము జరిగినది. నాటి ప్రపంచ విజేత అనతోలీ కార్పోవ్ రాజు ముందరి బంటును యథావిధిగా రెండు గడులు నడుపగా, ఇంగ్లండునకు చెందిన టోనీ మైల్స్ దూరమున పలక కొసనున్న ఏనుగు ముందరి బంటును ఒక్క గడి కదలించి, తరువాతి ఎత్తులో దాని ప్రక్కబంటును రెండు గడులు నెట్టి, నడుమ నున్న రాజ్యము నంతయు ప్రపంచ విజేతకే వదలి, చివరకు ఆటను తాను గెలుచుకొనెను. ఇక స్విట్జర్లాండువాడైన హెన్రీ గ్రోబ్ రాజువైపు గుర్రము ముందరి బంటును రెండు గడులు నడిపి ఆట ఆరంభించుటను జీవితకాలపు వ్యసనముగా చేసికొనెను. కాపు లేని ఆ బంటును చూచి ప్రతిపక్షపు శకటు ఆశపడి వచ్చి చంపినదా, అంతవరకు అది కాపాడుచుండిన తన యింటి మూల బోసిపోవును; అప్పుడు తెల్లశకటు ఐమూల దారి వెంట అచటి బంటును, దాని వెనుకనున్న ఏనుగును గురిచూచును. ఎర వేయుట తెలిసిన ఏ చెరువుగట్టువానికైనను ఈ యుక్తి యిట్టే అర్థము కాగలదు.

ఎదురు సాక్ష్యమును దాచుట న్యాయము గాదు. 1970లో బెల్‌గ్రేడు నగరమున సోవియట్ జట్టునకును, మిగిలిన ప్రపంచపు జట్టునకును జరిగిన సమరములో, ప్రపంచపు జట్టు మొదటి పలకమీద కూర్చుండిన డెన్మార్కు వీరుడు లార్సెన్, మంత్రివైపు గుర్రము ముందరి బంటును ఒక్క గడి నడిపి ఆరంభించి, స్పాస్కీ చేతిలో పదునేడు ఎత్తులలో ఆటకట్టునకు సిద్ధపడవలసి వచ్చెను. ఆ ప్రారంభము మాత్రము ఇప్పటికిని లార్సెన్ పేరుతోనే నడయాడుచున్నది! ఉలిపికట్టె దారిలో ముండ్లు లేవని ఎవ్వరును అనలేదు. ఇక 2021 మార్చిలో, అంతర్జాలమున జరిగిన పోటీలో కార్ల్‌సెన్, నకమురా లిద్దరును తమ రాజులను రెండవ ఎత్తులోనే సేనకంటె ముందు రంగమునకు నడిపించి, వెనుకకును ముందుకును త్రిప్పి, ఆరు ఎత్తులలో సమమని చేతులు దులుపుకొనిరి. కౌరవసేనను చూచి పారిపోయిన ఉత్తరకుమారునికి ఇది తలక్రిందులైన కథ. సేన యింటిలో నుండగా రాజులు వీధిలో షికారు చేసిరి. చూచినవారు నవ్విరి, నేనును నవ్వితిని. కాని ఇద్దరును ముందే కూడబలుకుకొన్నట్లు నవ్వినచోట హాస్యము పలుచబడిపోవును. ఎదుటివాడు నిజముగా ఆలోచనలో పడినప్పుడే దానికి రుచి.

ఈ ఆలోచనలో పడవేయుటయే నా పక్షమునకు మూలబలము. నేడు యంత్రగణకులు ఏ ఎత్తు మంచిదో క్షణములో చెప్పుచుండ, ఆటగాండ్రు ఇరువదేసి ఎత్తులను వల్లెవేసికొని వచ్చి, సగమాట గడచువరకు ఒకరి జ్ఞాపకశక్తితో నొకరు పోరాడుచున్నారు. విపరీతమైన మొదటి ఎత్తు ఆ పాఠమును నడుమనే ఆపివేసి, గురువును, గ్రంథమును, యంత్రమును బయటికి పంపి, ఇద్దరు మనుష్యులను మాత్రమే పలక ముందు మిగుల్చును. అదియును గాక, శాస్త్రీయ మనునదియే దేశకాలములను బట్టి మారునది: మన అరుగులమీద ఆడిన దేశవాళి ఆటలో బంటు మొదట గూడ ఒక్క గడియే నడుచును, రాజు ఒకమారు గుర్రము వలె దూకవచ్చును. అట్టి ఆటలో పెరిగిన పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ 1929లో లండనుకు పోయి, పాశ్చాత్యుల ప్రారంభశాస్త్రములో కడు పేదవాడై యుండియు, ఆ సంవత్సరమే బ్రిటిషు విజేతయై, ఆ బిరుదును 1932లోను 1933లోను మరల గెలుచుకొనెను. పుస్తకము లేనిచోట బుద్ధి పనిచేయునని దీనికంటె నిదర్శన మేమి కావలెను?

దూరపు కొండలవరకు ఎందుకు? మన ఓరుగల్లు బిడ్డ అర్జున్ ఎరిగైసి 2018లో పదునాలుగేండ్ల ప్రాయమున గ్రాండ్‌మాస్టరై, 2024 బుడాపెస్టు ఒలింపియాడులో మూడవ పలకమీద పదునొకండు ఆటలకు పది పాయింట్లు గడించి, ఆ డిసెంబరు పట్టికలో 2801 రేటింగుతో, ఆనంద్ తరువాత 2800 దాటిన రెండవ భారతీయుడయ్యెను. నలుగురు నడచిన బాట విడిచి కల్లోలములోనికి దిగుటకు వెరవనివాడని అతనికి పేరు. బలముల స్థానములను చీట్లు వేసినట్లు మార్చి, వల్లెవేసిన ప్రారంభములన్నిటిని వమ్ముచేయు ఫ్రీస్టైల్ పద్ధతిలో 2025 జులైలో లాస్ వేగాసున సెమీఫైనలు వరకు పోగలిగిన వాడును అతడే. ఆ పద్ధతిలో ప్రతి ఆటయు ఉలిపికట్టె ఆటయే గదా!

కనుక పిల్లలకు చదరంగము చెప్పించు తలిదండ్రులకును, చెప్పు గురువులకును నా విన్నప మొక్కటి: ఆరు దినములు శాస్త్రము చెప్పుడు, ఏడవనాడు మొదటి ఎత్తును వారి యిష్టమునకు వదలుడు. ఓడిపోదురు, సందేహము లేదు. కాని ఎందుకు ఓడితిమో వెదకుచు, నడుమ గడుల విలువను, రాజు కోట యవసరమును, ఏ పుస్తకమును చెప్పలేనంత గట్టిగా తామే కనుగొందురు. ఇట్లాడుట ఎదుటివానిని చులకన చేయుట కాదా యని కొందరు అడుగుదురు. కాదు, చులకనైనవానితో ఎవ్వరును ఛలోక్తులాడరు.

ఆనాటి ఆట ముగింపు చెప్పకుండుట పాఠకులకు అన్యాయము. తాత ఓడెను, అంచుననున్న గుర్రము అంచుననే చచ్చెను. మరునాడు తెల్లబలము మనుమని వంతు వచ్చినది. వాడు రాజువైపు గుర్రమును పట్టుకొని, నావైపు ఒకమారు చూచి, పలక అంచునకు దూకించి, లేని మీసమును దువ్వుకొనెను. తాత నవ్వలేదు. కండ్లద్దములు సవరించుకొని, మంత్రి ముందరి బంటును నడుమకు రెండు గడులు, అచ్చముగా శాస్త్రోక్తముగా నడిపెను.

"గిది నీకెవ్వరు నేర్పిన్రు తాతా?" అని బాలుడు నోరు తెరచెను.

"నేర్చుకోకుంటెనే నిన్న తప్పిన్నా?" అనెను తాత.