ఇంజనీరింగ్ సేవల రంగంలో హైదరాబాద్: ఉద్యోగాల సంఖ్యకు ఆవల పరిశీలించవలసిన అంశాలు

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: విమాన ఇంజనులోని ఒక బ్లేడు ఎంత వేడిని, ఎంత ఒత్తిడిని తట్టుకోగలదో లెక్కకట్టే పని, కారు నియంత్రణ వ్యవస్థలోని సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే పని ఈనాడు హైదరాబాద్ కార్యాలయాలలో నిత్యకృత్యంగా సాగుతున్నాయి. అయితే ఆ విమానం మీద గానీ, ఆ కారు మీద గానీ ఈ పని చేసిన సంస్థ పేరు కనిపించదు. ఈ కారణం చేతనే కాబోలు, సాఫ్ట్‌వేర్ ఎగుమతుల గురించి విరివిగా రాసే మన పత్రికలలో ఇంజనీరింగ్ సేవల రంగానికి దక్కిన చోటు స్వల్పం.

ఏ తయారీ సంస్థకూ అనుబంధంగా ఉండక, రుసుముపై పలువురు తయారీదారులకు డిజైన్, విశ్లేషణ, పరీక్షలు నిర్వహించి ఇచ్చేవాటిని స్వతంత్ర ఇంజనీరింగ్ సంస్థలుగా వ్యవహరిస్తారు. ఐరోపాలో ఇది పాత సంప్రదాయమే. బ్రిటన్‌లో రికార్డో సంస్థ 1915లో, ఆస్ట్రియాలో ఏవీఎల్ సంస్థ 1948లో ఇంజన్ల పరిశోధనతోనే ఆరంభమయ్యాయి. మన వద్ద ఈ బాటలో తొలుత నడిచిన వాటిలో 1991లో హైదరాబాద్‌లో నెలకొల్పిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ ముఖ్యమైనది. 2014లో ఇది సైయెంట్‌గా పేరు మార్చుకున్నది. వ్యవస్థాపకులు శ్రీ బి.వి.ఆర్. మోహన్ రెడ్డి కాకినాడ ఇంజనీరింగ్ కళాశాలలోను, కాన్పూర్ ఐఐటీలోను విద్యనభ్యసించారు. 2017లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది.

కాగితంపై ఉన్న పాత డ్రాయింగులను కంప్యూటర్ నమూనాలుగా మార్చి ఇవ్వడం ఈ సంస్థ తొలినాళ్ళ పని. మేధోపరంగా ఇది గొప్ప పని కాకపోవచ్చు. కానీ డ్రాయింగును తప్పు లేకుండా మార్చి ఇచ్చినవారికే ఆ డ్రాయింగులో చిన్న సవరణ చేసే పని, సవరణ సక్రమంగా చేసినవారికి ఒక విడిభాగం డిజైన్ అప్పగించే పద్ధతి ఈ పరిశ్రమలో ఉన్నది. విమాన ఇంజన్ల తయారీ సంస్థ ప్రాట్ అండ్ విట్నీ తొలుత పని ఇచ్చి, అనంతరం ఇన్ఫోటెక్‌లో వాటా సైతం తీసుకోవడం ఈ నమ్మకానికి నిదర్శనం. ఒక ఖాతాదారు వాటాదారు అయినప్పుడు స్వతంత్రత ఏ మేరకు నిలుస్తుందన్న ప్రశ్న సహజమే. ఇతర తయారీదారుల పనిని కూడా కొనసాగించడమే అందుకు ఆచరణలో లభించిన సమాధానం.

డిజైన్ నుంచి తయారీ వైపు అడుగు వేయడం తరువాతి ఘట్టం. మైసూరుకు చెందిన రంగ్‌సన్స్ ఎలక్ట్రానిక్స్‌లో సైయెంట్ అధిక వాటా తీసుకున్నది. ఆ విభాగమే సైయెంట్ డీఎల్ఎంగా 2023 జూలైలో స్టాక్ మార్కెట్‌కు వచ్చి రూ.592 కోట్లు సమీకరించింది. అదే ఏడాది డిసెంబరులో, టర్బైన్ బ్లేడ్లు తయారుచేసే హైదరాబాద్ సంస్థ ఆజాద్ ఇంజనీరింగ్ కూడా మార్కెట్‌లో నమోదైంది. ఆదిభట్లలో టాటా బోయింగ్ సంయుక్త సంస్థ అపాచీ హెలికాప్టర్ల బాడీలను 2018 నుంచి రూపొందిస్తున్నది. హెచ్ఏఎల్, మిధాని, డీఆర్‌డీవో ప్రయోగశాలలు దశాబ్దాలపాటు తీర్చిదిద్దిన నిపుణులు లేనిదే ఇదంతా సాధ్యమయ్యేది కాదనడం అతిశయోక్తి కాదు.

వాహన రంగంలో పరిస్థితి కొంత భిన్నం. హ్యుందాయ్ తన ఇంజనీరింగ్ కేంద్రాన్ని, జెడ్ఎఫ్ 2017లో తన సాంకేతిక కేంద్రాన్ని హైదరాబాద్‌లో నేరుగా నెలకొల్పాయి. పెద్ద కంపెనీలు సొంత కేంద్రాలు పెట్టుకునే కొద్దీ స్వతంత్ర సంస్థలకు రెండు విధాల ఒత్తిడి ఎదురవుతుంది: పని తగ్గుతుంది, అనుభవజ్ఞులు వెళ్ళిపోతారు. రాష్ట్ర ఖాతాలో రెండూ ఉద్యోగాలే. అయితే సొంత కేంద్రం ఒకే యజమాని అవసరాలకు పని చేస్తుంది. స్వతంత్ర సంస్థ ఒక రంగంలో నేర్చినదాన్ని మరొక రంగానికి తీసుకువెళ్ళగలదు. డిజైన్‌పై హక్కు మాత్రం ఉభయత్రా సాధారణంగా పని ఇచ్చినవారిదే కావడం గమనార్హం.

ఉద్యోగుల కోణం కూడా విస్మరించరానిది. ఒక విమాన ఇంజన్ల కంపెనీకి పని చేసే సరఫరా సంస్థలు పరస్పరం ఇంజనీర్లను చేర్చుకోరాదని కుమ్మక్కయ్యాయంటూ అమెరికా న్యాయ శాఖ 2021 డిసెంబరులో కొందరు అధికారులపై అభియోగాలు మోపగా, కనెక్టికట్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి 2023 ఏప్రిల్‌లో వారందరినీ నిర్దోషులుగా ప్రకటించారు. కేసు నిలవలేదు. అయినప్పటికీ, ఈ రంగంలో అనుభవం గల ఇంజనీరు కోసం ఎంతటి పోటీ ఉన్నదో ఆ వ్యాజ్యం లోకానికి తెలిపింది.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. బ్లేడులో ఒత్తిడిని విశ్లేషించడానికి మెకానికల్ ఇంజనీరు కావాలి. కోడింగ్ ఒక్కటే తెలిసినవారితో ఆ పని నెరవేరదు. మన ఇంజనీరింగ్ ప్రవేశాలలో గత కొన్నేళ్ళుగా అధిక భాగం సీట్లు కంప్యూటర్ సంబంధిత కోర్సులకే వెళుతుండగా, పలు ప్రైవేటు కళాశాలలు మెకానికల్, సివిల్ సీట్లను తగ్గించుకున్నాయి, కొన్ని మూసివేశాయి. విద్యార్థులను తప్పుపట్టలేము. చేరిన రోజు వచ్చే జీతం వారికి కనిపిస్తున్నది, పదేళ్ళ తరువాతి విలువ ఎవరూ చెప్పడం లేదు. ఆర్ట్స్ చదివిన ఈ వ్యాసకర్తకు సైతం ఈ సంగతి పరిశ్రమ ప్రతినిధుల సమావేశాలలో పదేపదే వినబడింది.

ఇందులో మా శాఖకూ కొంత బాధ్యత ఉన్నది. ఒప్పందాల ప్రకటనలలో పెట్టుబడి ఎంత, ఉద్యోగాలు ఎన్ని అన్న రెండు వివరాలే ఏళ్ళ తరబడి ఇస్తూ వచ్చాము. చేసే పని డ్రాయింగు మార్పిడా, పూర్తి డిజైనా, తయారీతో కూడినదా అన్నది రాయలేదు, పాత్రికేయ మిత్రులు అడగనూ లేదు. వరంగల్ మడికొండలో 2020 జనవరిలో సైయెంట్ కేంద్రం ప్రారంభమైన సందర్భంలోనూ అంతే. జిల్లా అధికారులు ఇటువంటి కేంద్రాల నుంచి నివేదికలు కోరేటప్పుడు సిబ్బంది సంఖ్యతో పాటు ఏ శాఖ పట్టభద్రులు ఎందరు, స్థానిక కళాశాలల నుంచి ఎందరు అన్న వివరాలను చేర్చినట్లయితే, మెకానికల్ సీట్ల విషయమై వచ్చే విద్యా సంవత్సరపు సమీక్షకు కనీసం ఒక ఆధారం లభిస్తుంది.