బోర్డు దగ్గర మిగిల్చింది మిగులు కాదు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏ దుకాణంలోనైనా ఇంటికి కంప్యూటర్ అసెంబుల్ చేయించాలని అడగండి. కొటేషన్‌లో ముందు ప్రాసెసర్, ఆ వెంటనే గ్రాఫిక్స్ కార్డు రాస్తారు. మదర్‌బోర్డు వంతు వచ్చేసరికి డబ్బు అయిపోతుంది. "బోర్డుదేముంది సార్, స్పీడంతా ప్రాసెసర్‌దే" అంటూ అన్నిట్లోకీ చవకది వేసేస్తారు. యూట్యూబ్‌లో సలహాలిచ్చే చాలామందిదీ ఇదే మాట. ఈ మాట తప్పు.

అందులో నిజమెంతో ముందే ఒప్పుకుంటాను. ఒకే ప్రాసెసర్‌ను పదివేల బోర్డులో పెట్టినా, నలభైవేల బోర్డులో పెట్టినా ఆటలో వచ్చే ఫ్రేములు దాదాపు ఒకటే. కానీ అది కొత్త మెషీన్‌ను మొదటిరోజు కొలిచిన కొలత. మన ఇళ్లలో కంప్యూటర్ ఏడెనిమిదేళ్లు ఉంటుంది. ఈలోగా ర్యామ్ పెంచుతాం, ఎస్ఎస్‌డీ చేరుస్తాం, వీలైతే ప్రాసెసర్ మారుస్తాం. వీటిలో ఏది కుదురుతుందో, ఏది కుదరదో కొన్నరోజే బోర్డు తేల్చేస్తుంది.

ఏఎండీ వారి ఏఎం4 సాకెట్ సంగతే చూడండి. 2017లో మొదటి రైజెన్‌తో బీ350 బోర్డు కొన్నవాళ్లలో చాలామంది, 2022లో బయాస్ అప్‌డేట్ చేసుకుని అదే బోర్డులో రైజెన్ 7 5800ఎక్స్3డీ పెట్టుకోగలిగారు. ప్రాసెసర్ మారింది, బోర్డు నిలిచింది. అయితే 65 వాట్ల రైజెన్ 5 1600ను మోసిన బోర్డు 105 వాట్లదాన్ని కూడా మోయాలంటే, ప్రాసెసర్‌కు కరెంటు సరిచేసి పంపే వీఆర్ఎం గట్టిగా ఉండాలి. చవక బోర్డుల్లో కోత పడేది సరిగ్గా అక్కడే. చాలావాటిలో దానిమీద హీట్‌సింక్ కూడా ఉండదు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో పెద్ద ప్రాసెసర్‌తో గంటసేపు వీడియో రెండరింగ్ పెట్టి చూడండి. వీఆర్ఎం కాగిపోయి, ప్రాసెసర్ వేగం తగ్గించుకోక తప్పదు. స్పీడంతా ప్రాసెసర్‌దేనన్నవాళ్లు దీనికేం చెబుతారు?

ఇంటెల్ వైపు హెచ్610 బోర్డులు ఇలాగే అంటగడుతున్నారు. ఆ చిప్‌సెట్ చానల్‌కు ఒక్క స్టిక్కునే ఒప్పుకుంటుంది కాబట్టి ర్యామ్ స్లాట్లు రెండే. ఎనిమిదేసి జీబీలవి రెండు వేస్తే నిండిపోతాయి. రేపు 32 కావాలంటే ఆ రెండూ పీకేయాల్సిందే. డీడీఆర్5లో నాలుగు స్టిక్కులు వేస్తే మెమరీ వేగం తగ్గుతుందని వాదించేవాళ్లున్నారు. నిజమే. కానీ మెమరీ చాలక మెషీన్ మొరాయించడం కంటే ఆ కాస్త వేగం పోవడం నయం.

ఎం.2 స్లాట్ల దగ్గర ఇంకో చిక్కుంది. రెండో స్లాట్ నింపగానే ఒక సాటా పోర్టు పనిచేయడం మానేసే బోర్డులున్నాయి. పిల్లల ఫొటోలన్నీ పాత హార్డ్ డిస్కులో దాచుకున్న ఇంటికి ఇది చిన్న విషయం కాదు. కౌంటర్ దగ్గర ఈ సంగతి ఎవరూ చెప్పరు. బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది, కంపెనీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, డబ్బు కట్టేముందే చదవాలి. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయాస్ ఎక్కించే బటన్ ఉందా, వెనక యూఎస్‌బీ పోర్టులు మన ప్రింటర్‌కూ వెబ్‌క్యామ్‌కూ సరిపోతాయా అన్నవీ అందులోనే తెలుస్తాయి.

ఖరీదైన బోర్డు కొనమని నేననడం లేదు. ఓవర్‌క్లాకింగ్ చేయనివాళ్లకు జెడ్ సిరీస్ దండగ. నాలుగు ర్యామ్ స్లాట్లు, రెండు ఎం.2లు, హీట్‌సింకున్న వీఆర్ఎం గల మంచి బీ సిరీస్ బోర్డు చాలు. ఆ తేడా సొమ్ము క్యాబినెట్ లైట్లలోంచీ గాజు పలకలోంచీ తీయండి, చాలకపోతే ప్రాసెసర్ ఒక మెట్టు దిగండి. ప్రాసెసర్ తర్వాత మార్చుకోవచ్చు. బోర్డు మార్చాలంటే మెషీన్ మొత్తం విప్పాలి, పైగా ఓఈఎం విండోస్ లైసెన్సు పాత బోర్డుకే ముడిపడి ఉంటుంది కాబట్టి అదీ మళ్లీ కొనాలి.